కత్తి సంగతి ఏమైంది బావా?

కళ్లజోళ్ల షాపు, పైగది
సోమవారం

బావా,

బస్సు కదిలాక నువ్వు కిటికీలోంచి చెయ్యి ఊపుతుంటే ఆ చేతికేసి చూసి నా గుండె జారిపోయింది. గ్లౌజులు లేవు. పైకొచ్చి చూస్తే తెల్ల గ్లౌజులు రెండూ బల్ల మీదే ఉన్నాయి. అక్క ఉంటే తనే నీ జేబులో కుక్కి పంపేది. తను పోయి ఆరేళ్లయినా నీ జేబులు బాగుపడలేదు. ఈ ఉత్తరంతో పాటు గ్లౌజులు పంపుతున్నాను. అవి లేకుండా కత్తిని ముట్టుకున్నావో, నీ వేలిముద్రలే తుప్పయి కూర్చుంటాయి.

మళ్లీ మొదట్నించీ చెప్తాను, ఎందుకంటే బస్సులో నువ్వు నిద్రపోయి ఉంటావు, నిద్రలో సగం మర్చిపోయి ఉంటావు. మన దగ్గర ఆ మూతపడ్డ కార్ఖానా వేటకత్తులు అన్నీ ఉన్నాయి, ఒక్క గద్ద తప్ప. కార్ఖానా పాతికేళ్ల పండక్కి ఒకే ఒక్క విడత చేశారు. మడత పడని కత్తి, జింక కొమ్ము పిడి, ఇత్తడి కాపు, బ్లేడు మీద రెక్కలు విప్పిన గద్ద, గద్ద కాళ్ల కింద నంబరు. ఆ తర్వాత ఆ మోడల్ ఆపేశారు, ఆ తర్వాత కార్ఖానానే ఆపేశారు. అలాంటి కత్తి పేపర్లో మొక్కల పేజీలో, ఒక నర్సరీ ఆవిడ చేతిలో కనిపించింది. భూతద్దం పెట్టి గుర్తుపట్టింది నేను. ఆ కీర్తి నాదే, తర్వాత పేచీలు పెట్టకు.

ఆవిడ ఎలా ఉంటుందని బస్టాండులో అడిగావు. తెలీదు. ఫోటోలోంచి కత్తినీ, దాన్ని పట్టుకున్న వేళ్లనీ కత్తిరించి ఆల్బంలో అంటించేశాను. మిగతా కాగితం, అంటే ఆవిడ ముఖం, గులాబీలు, వార్తా, చెత్తబుట్టలోకి పోయాయి. వేళ్లకి మట్టి ఉంటుంది. అదే ఆనవాలు.

మొక్కలు కొనేవాడిలా వెళ్లు. కత్తి వంక చూడకు. చూసినా కళ్లు పెద్దవి చెయ్యకు. నీకు ఆశ పుడితే అది ముఖమంతా పరుచుకుంటుంది. ముఖ్యంగా ఫోన్ చెయ్యకు. గోడలకి చెవులుంటాయంటారు, మన షాపు గోడకి చెవులతో పాటు పళ్ల డాక్టరు కూడా ఉన్నాడు. అతనూ మనకి పోటీగా కత్తులు పోగుచేసేవాడే, ఈ గద్ద సంగతి తెలిస్తే కుర్చీలో పేషెంటుని నోరు తెరిపించి అలాగే వదిలేసి కారెక్కేస్తాడు. ఏదైనా ఉత్తరంలోనే.

రెండ్రోజుల్లో కత్తితో రా.

నీ బావమరిది

*

బస్టాండు ఎదురు లాడ్జి, మేడమీద గది
గురువారం

బావమరిదీ,

గ్లౌజులు అందాయి. వాటి అవసరం పడలేదు. ఎందుకు పడలేదో చెప్పేముందు నువ్వు కాస్త కూర్చో, చెల్లెమ్మని మంచినీళ్లు తెమ్మను.

నర్సరీ ఊరి చివర ఉంది. గేటు తీసుకుని లోపలికి వెళ్తే ఒకావిడ గోనెపట్టా మీద కూర్చుని, వేళ్లు బిగుసుకుపోయిన మొక్కని కుండీలోంచి పీకుతోంది. దేనితో పీకుతోందనుకున్నావు? గద్దతో. కుండీ అంచు చుట్టూ కత్తిని గుచ్చి, తిప్పి, పిడి మీద అరచేత్తో ఒక్కటి చరిచింది. మొక్క బయటికొచ్చింది. నాకు ప్రాణం బయటికొచ్చినంత పనైంది. తర్వాత ఆ కత్తినే చీరకి అటోసారి ఇటోసారి తుడిచి, దాంతోనే గోనెసంచీ కోసి, దాన్నే మట్టిలో గుచ్చి నిలబెట్టి, "ఏం కావాలండీ?" అంది.

నేను నోరు తెరిచాను. వేలు పెట్టి చూపించాను. కత్తి పక్కనే ఒక నిమ్మ మొక్క ఉంది. ఆవిడ నిమ్మ మొక్క ఇచ్చింది. తీసుకుని గదికొచ్చేశాను.

మర్నాడు ధైర్యం తెచ్చుకుని మళ్లీ వెళ్లి ఉన్న సంగతి చెప్పేశాను. నువ్వు చెప్పొద్దన్నావు, నాకు తెలుసు. కానీ ఆవిడ సూటిగా చూస్తుంది, అలా చూసేవాళ్ల దగ్గర నాకు అబద్ధం అంటుకోదు. ఆ కత్తి వాళ్ల నాన్నదట. ఆయన అడవి గార్డు. ఆయన పోయాక నర్సరీ, కత్తి ఈవిడకి మిగిలాయి. పెళ్లి చేసుకోడానికి తీరిక దొరకలేదట, మొక్కలకి సెలవులు ఉండవు కదా అంది. మనం వేటకత్తులు పోగుచేస్తామని చెప్తే "ఏం వేటాడారు?" అని అడిగింది. ఏమీ లేదన్నాను. "వాటితో ఏమైనా కోశారా?" లేదన్నాను, కోస్తే విలువ పోతుందన్నాను. "మరి అవి దేనికి?" చూసుకోడానికి అన్నాను. ఆవిడ చాలాసేపు నవ్వింది. వెక్కిరింపు నవ్వు కాదు. ఎదుటివాడికి కూడా నవ్వొచ్చేలా నవ్వుతుంది. నవ్వుతుంటే కళ్ల పక్కన గీతలు పడతాయి.

అమ్మనంది. "ఇది ఇచ్చేస్తే రేపు మొక్కలు దేంతో తియ్యను?" అంది. న్యాయంగానే ఉంది.

ఇంకో నాలుగు రోజులు ఉండాల్సొచ్చేలా ఉంది. అక్కడ నీడకోసం కట్టిన వల చిరిగి వేలాడుతోంది. నాలాంటి దర్జీ చూస్తూ ఎలా ఊరుకుంటాడు? దబ్బనం తీసుకుని కుట్టేశాను.

బావ

*

కళ్లజోళ్ల షాపు, పైగది
మంగళవారం

బావా,

నీ ఉత్తరం చదివి కుర్చీలోంచి లేవలేదు. మట్టిలో గుచ్చి నిలబెట్టిందా! మనం ఇక్కడ ఒక్కో కత్తినీ ఒరలోంచి తీసి విడిగా పెడుతున్నాం, తోలు తగిలితే ఇత్తడి పచ్చబడుతుందని. అక్కడ పండగ విడత గద్ద పేడలో మునకలేస్తోంది.

సరే, గుండె రాయి చేసుకుని అడుగుతున్నాను, ముక్కుసూటిగా జవాబు చెప్పు. దానికి సాన పట్టించారా? కార్ఖానా నుంచి వచ్చిన పదును అలాగే ఉందా? నంబరు కనిపిస్తోందా? ఒర ఉందా? అట్టపెట్టె ఉందా? నువ్వు కళ్ల పక్కన గీతలు చూశావు గానీ బ్లేడు మీద గీతలు చూళ్లేదు.

ఉపాయం చెప్తాను. ఆవిడకి కావలసింది పనిముట్టు. ఆ ఊళ్లోనే మంచి కొత్త కత్తి, ఇంకా పెద్దది, కొని పట్టుకెళ్లు. ఇది తీసుకుని అది ఇవ్వమను. ఆవిడకి లాభం, మనకి గద్ద.

ఇక్కడ పళ్ల డాక్టరు నువ్వెక్కడికి వెళ్లావని ఆరా తీస్తున్నాడు. నీకు నడుం నొప్పి, వైద్యానికి వెళ్లావని చెప్పాను. వచ్చాక నాలుగు రోజులు వంగి నడువు.

నీ ఉత్తరం మా ఆవిడకి, అదే మీ చెల్లెమ్మకి, చదివి వినిపించాను. వల కుట్టిన దగ్గర కిసుక్కున నవ్వింది. ఎందుకే అంటే "ఏం లేదు, అన్నయ్య కుట్టు బాగుంటుంది" అని లోపలికెళ్లిపోయింది. ఈ ఆడవాళ్లకి కత్తుల విలువ తెలీదు.

తాడోపేడో తేల్చుకుని రా.

నీ బావమరిది

*

లాడ్జి, మేడమీద గది
వానలు పట్టుకున్నాయి, వారం మర్చిపోయాను

బావమరిదీ,

జవాబు ఆలస్యమైంది. వలకి ఇంకో పక్క కూడా చిరిగింది. తర్వాత ఆవిడ గది కిటికీకి కర్టెను లేదని గమనించాను. వాన జల్లు నేరుగా మంచం మీద పడుతోంది. కొలతలు తీసుకుని, గుడ్డ కొని, ఆవిడ పాత మిషన్ బాగుచేసి దాని మీదే కుట్టాను. అంచు రెండు మడతలు వేశాను. ఆవిడ కర్టెను పక్కకి లాగి, మళ్లీ మూసి, మళ్లీ లాగి, "ఇన్నాళ్లూ ఇది లేకుండా ఎలా ఉన్నానో" అంది. నలభై ఏళ్లుగా కుడుతున్నాను, ఒక్క గిరాకీ కూడా ఇలా అన్లేదు. చంక దగ్గర పట్టేస్తోందనే అంటారు.

టీ ఆవిడే పెడుతుంది. అల్యూమినియం గిన్నెలో, మొక్కల మధ్య స్టవ్వు పెట్టి. చక్కెర ఎక్కువేస్తుంది. నాకు చెప్పాలనిపించలేదు, తాగేశాను. ఇప్పుడు అలవాటైపోయింది.

కొత్త కత్తి పట్టుకెళ్లాను. ఒక పూట వాడి చూసి తిరిగిచ్చేసింది. చేతిలో కూర్చోవట్లేదంది. నేను బలవంతం చెయ్యలేదు.

సాన సంగతి అడిగావు. రోజూ పొద్దున్నే నీళ్ల తొట్టి పక్కన రాయి మీద నూరుతుంది. గద్దకి ఒక రెక్కే మిగిలింది. నంబరు అరిగిపోయింది. ఒర ఆవిడ చిన్నప్పుడు కుక్క ఎత్తుకుపోయిందట. ఈ మాటలు నీకు రాయాలంటే చెయ్యి రాలేదు, అందుకే చివరికి నెట్టాను.

నా గదినిండా మొక్కలైపోయాయి. ఊరికే వెళ్తే బాగోదని వెళ్లిన ప్రతిసారీ ఒకటి కొన్నాను. లాడ్జి మేనేజరు బాత్రూం దాకా దారి చేసుకుని వెళ్లాల్సొస్తోందని గొణుగుతున్నాడు.

ఒక చిన్న సాయం. నా నీలం చొక్కా, ఇస్త్రీ చేయించి, పార్సెల్లో పంపు. బూట్ పాలిష్ డబ్బా కూడా. తలకి వేసుకునే ఆ నల్లరంగు అల్మరాలో కింది అరలో ఉంటుంది, అదీ పంపు. ఎందుకని అడక్కు. ఇక్కడ వానలు.

బావ

*

కళ్లజోళ్ల షాపు
శుక్రవారం

గౌరవనీయులైన బావగారికి,

మీ ఉత్తరం అందింది. పార్సెల్ కూడా పంపించాను. మీరు అడిగినవాటితో పాటు మీ దువ్వెన కూడా పెట్టాను, ఎందుకంటే మీ నాటకంలో ఏ లోటూ రాకూడదు.

నా చెవిలో పువ్వు పెట్టారనుకుంటున్నారేమో. కళ్లజోళ్లమ్మేవాణ్ని, ఆ మాత్రం కనిపిస్తుంది. వరసగా చెప్తాను. అరిగిపోయిన కత్తి కోసం, నంబరు లేని కత్తి కోసం, బుద్ధున్నవాడెవడూ వానల్లో లాడ్జిలో ఇన్నాళ్లు కూర్చోడు. కాబట్టి కత్తి అరగలేదు. గద్దకి రెండు రెక్కలూ ఉన్నాయి. ఒర ఉంది, కుక్క లేదు. మీరు నా చేత ఆశ వదిలించి, దాన్ని మీ సొంతానికి కొట్టేస్తున్నారు. నీలం చొక్కా ఎందుకు? ఎవరో పెద్దమనిషితో బేరానికి కూర్చోడానికి. జుట్టుకి రంగెందుకు? బేరంలో వయసు తగ్గితే గట్టివాడిలా కనిపిస్తారు.

ఆ పెద్దమనిషి ఎవరో కూడా తెలిసింది. పళ్ల డాక్టరు మొన్న క్లినిక్‌కి తాళం వేసి కారులో ఎక్కడికో వెళ్లాడు. తిరిగొచ్చి నా షాపు ముందు నిలబడి, ఒక పక్కగా నవ్వాడు. ఒక్క మాట మాట్లాడలేదు. గెలిచినవాడు మాట్లాడక్కర్లేదు కదా.

నన్ను మోసం చేసినా ఫర్లేదు. అతనితో కలిసి మోసం చేస్తారా?

మన కత్తులు పంచుకుందాం. అల్మరాకి తాళం వేశాను. కత్తులు నేనుంచుకుంటాను, ఒరలు మీరు తీసుకోండి. అట్టపెట్టెలు పెద్దమనుషులు తేలుస్తారు.

అక్క పోయాక సాయంత్రాలు మీరూ నేనూ ఎదురెదురుగా కూర్చుని గోడ కేసి చూస్తుండేవాళ్లం. ఏం మాట్లాడినా అక్క దగ్గరికే వెళ్లి ఆగిపోయేది. పాత సామాన్ల బండి మీద ఆ మొదటి కత్తి కొన్నరోజు, మనిద్దరం దాని గురించి పొద్దుపోయేదాకా మాట్లాడుకున్నాం. గుర్తుందా? నాకు కత్తుల మీద అంత మోజేమీ లేదు. మీకూ లేదని నాకు తెలుసు. ఇది కూడా మీరే పాడుచేశారు.

భవదీయుడు,
కళ్లజోళ్ల షాపు యజమాని

*

నర్సరీ, కుండీల షెడ్డు
ఆదివారం

బావమరిదీ,

నువ్వు నన్ను తిట్టి ఉంటే ఇంత భయపడేవాణ్ని కాదు. "మీరు" అన్నావు, "గారు" అన్నావు. పెళ్లి నాటి నుంచి ఎప్పుడూ అన్లేదు. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని చాలాసేపు షెడ్డులో నిలబడ్డాను.

పళ్ల డాక్టర్ని నేను చూడనైనా చూళ్లేదు, ఒట్టు. గద్దకి నిజంగానే ఒక రెక్క. కుక్క కూడా నిజమే. నేను దాచింది కత్తిని కాదు.

నీళ్లు నమలకుండా చెప్తాను. నాకు ఆవిడంటే ఇష్టం. పొద్దున లేవగానే నర్సరీకి ఎప్పుడు వెళ్దామా అనిపిస్తుంది. చొక్కా అందుకే. రంగు కూడా అందుకే. రంగు వేసుకుని వెళ్తే ఆవిడ చూసి "ఏమైంది, తారు పడిందా?" అంది. కడిగేసుకున్నాను.

మీ అక్కని మర్చిపోయాననుకోకు. మొదటి వారమంతా ఆవిడకి మీ అక్క గురించే చెప్పాను. మిషన్‌లో దారం ఎక్కించడానికి నాకు చూపు ఆనకపోతే మీ అక్క నోట్లో దారం తడిపి ఎక్కించి, ఒక మొట్టికాయ కూడా వేసేది కదా. అది చెప్తుంటే ఆవిడ పని ఆపి, "మొట్టికాయ ఎటువైపు వేసేది?" అని అడిగింది. అలా అడిగినవాళ్లు ఈ ఆరేళ్లలో ఎవరూ లేరు. అందరూ పోనీలెండి అంటారు.

మొన్న ఆవిడే అడిగింది, ఎన్నాళ్లిలా మొక్కలు కొంటారని. నేను ఉన్నది చెప్పాను. ఒప్పుకుంది. నర్సరీని ఎత్తి ఇంకో ఊళ్లో పెట్టలేం కాబట్టి నేనే ఇక్కడికి వచ్చెయ్యాలి. మిషన్ ఒకటి చాలు, దర్జీకి ఎక్కడైనా పని దొరుకుతుంది. రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు, అంతే. కానీ ఆవిడ ఒక షరతు పెట్టింది. "ముందు మీ బావమరిదిని అడగండి. ఆయన్ని ఏడిపించి తెచ్చుకునే మనిషి నాకొద్దు" అంది. ఆ మాటలో బెట్టు లేదు, నిజంగానే అంది.

కాబట్టి అడుగుతున్నాను. నువ్వు వద్దంటే వచ్చేస్తాను. అల్మరా తాళం తియ్యక్కర్లేదు, ఊరికే ఎదురుగా కూర్చుంటాను. నాకు ఈవిడ కావాలి, నిజమే. నువ్వు లేకుండా మాత్రం వద్దు.

బావ

*

కళ్లజోళ్ల షాపు, పైగది
బుధవారం

బావా,

ఉత్తరం అందింది.

పళ్ల డాక్టరు విషయంలో నేను పప్పులో కాలేశాను. అతను వేరే ఊళ్లో తన పన్నే పీకించుకోడానికి వెళ్లాడట. ఈ ఊళ్లో పళ్ల డాక్టరు అతనొక్కడే కదా. ఆ రోజు నవ్వినట్టు కనిపించింది బుగ్గ వాపు. మాట్లాడకపోవడం నోట్లో దూది వల్ల.

ఇక్కడ కూడా వానలే. తేమకి కత్తులు పాడవుతాయని అన్నిటికీ మళ్లీ నూనె రాశాను. చిన్న చేపకత్తి పిడి దగ్గర ఒక చుక్క కనిపించింది. తుప్పనుకున్నాను. తుప్పు కాదు.

షాపులో గిరాకీ పర్లేదు.

నువ్వు అడిగిన దానికి ఏం రాయాలో తెలీడం లేదు. రాయకుండా ఉండాలనీ లేదు. ఆలోచించి రాస్తాను.

బావమరిది

అన్నయ్యా, నేను మీ చెల్లెమ్మని. ఈయన కవరు నాలికతో తడిపే ముందు లాక్కుని రాస్తున్నాను. నాకు వల కుట్టినప్పుడే అర్థమైంది. ఈయనకి కళ్లజోళ్లు పెట్టి చూపించినా కనిపించదు. ఉత్తరం వచ్చిన దగ్గర్నించీ పైన కూర్చుని, నూనె రాసిన కత్తులకే మళ్లీ నూనె రాస్తున్నారు. నిన్న ఒక గిరాకీకి దగ్గరచూపు అద్దాలకి బదులు దూరపుచూపువి బిగించి పంపారు, ఆయన మెట్ల మీంచి పడబోయాడు. కోపం కాదు ఇది. మీరు కంగారుపడి ఏ బస్సూ ఎక్కకండి, నా మాట విని కాస్త ఓపిక పట్టండి.

*

లాడ్జి, మేడమీద గది
శుక్రవారం

బావమరిదీ,

చెల్లెమ్మ ఓపిక పట్టమంది. నీ ఉత్తరం మాత్రం వేరేగా చెప్పింది. సరే అనాలని ఉంటే ఆ ఒక్క మాటా తుప్పుచుక్క గురించి రాసిన చోటే పట్టేది. నీ మీద నాకు కోపమేమీ లేదు. నీ చోట నేనుంటే నాకూ నోరు పెగిలేది కాదు.

ఆవిడకి చెప్పాను. మొక్కలు బస్సులో ఎలా తీసుకెళ్తారని అడిగింది. ఒక్కటీ తీసుకెళ్లనని, నర్సరీలోనే వదిలేస్తానని చెప్పాను. "కొన్నవి వదిలేస్తారా?" అంది. ఆ గొంతు విని ఇంక అక్కడ నిలబడలేకపోయాను.

ఆదివారం గది ఖాళీ చేస్తున్నాను. ఆ రాత్రికి మొక్కలతో పాటు నేనూ నర్సరీ షెడ్డులోనే తలదాచుకుంటాను. సోమవారం సాయంత్రం బస్సుకి బయల్దేరతాను. చెల్లెమ్మని వంట ఎక్కువ చెయ్యొద్దను. ఈ సంగతి మళ్లీ మనం మాట్లాడుకోవద్దు. కత్తుల గురించే మాట్లాడుకుందాం, ఎప్పటిలాగే.

బావ

*

కళ్లజోళ్ల షాపు, కింద, గిరాకీల బల్ల
సోమవారం పొద్దున

అక్కా,

ఈ ఒక్క మాట రాయడానికి చాలా కాగితాలు చింపాను. మొదట "నర్సరీ యజమానికి" అని రాస్తే ఎరువుల కంపెనీ ఉత్తరంలా ఉంది. "మేడమ్" అని రాస్తే నాకే నవ్వొచ్చింది. నేను మీకు తెలుసు. మీ మొక్కల మధ్య కూర్చున్న మా బావకి ఇన్నాళ్లూ ఉత్తరాల్లో పోరు పెట్టినవాణ్ని. మీ ఫోటోలోంచి మీ ముఖాన్ని చెత్తబుట్టలో పడేసినవాణ్ని కూడా. ఆ సంగతి బావ చెప్పే ఉంటాడు, అతని నోట్లో ఆవగింజ నానదు.

బావ ఉత్తరం ఇప్పుడే అందింది. సాయంత్రం బస్సెక్కుతాడట. లాడ్జికి ఫోన్ చేస్తే ఖాళీ చేశాడన్నారు. మీకు ఫోన్ లేదు. పోస్టులో వేస్తే ఈ ఉత్తరం మీకు అందేసరికి బావ ఇక్కడ నా ఎదురుగా కూర్చుని గోడ కేసి చూస్తుంటాడు. మా వీధిలో కారున్నది ఒక్కడికే. అతని తలుపు కొట్టి, ఈ ఉత్తరం తీసుకెళ్లమని బతిమాలి, ఎక్కడికి, ఎందుకు అని అడిగితే అంతా చెప్పేశాను. కత్తితో సహా. కాబట్టి ఇది మీ చేతికిచ్చిన మనిషి పళ్ల డాక్టరు. అతని కళ్లు ఇప్పటికే మీ చుట్టూ మట్టిలో వెతుకుతూ ఉంటాయి. గద్దని అడుగుతాడు. ఇస్తారో ఇవ్వరో మీ ఇష్టం. ఈ వాక్యం నేనే రాశానంటే నాకే నమ్మకం కుదరడం లేదు.

నాకెందుకు ఇన్నాళ్లు పట్టిందో చెప్తాను. మా అక్క పోయినప్పుడు నాకు ఇంకా బావ ఉన్నాడు కదా అనుకున్నాను. రోజూ సాయంత్రం అతను మెట్లెక్కి పైకొస్తుంటే, అక్క ఇంటి నుంచి ఎవరో వస్తున్నట్టే ఉండేది. అతనికి ఇంకో ఇల్లు ఏర్పడితే ఇక నాకేమవుతాడు, ఏ చుట్టరికం మిగులుతుంది అని భయమేసింది. మీ మీద కోపమేమీ లేదు, మీరెవరో కూడా తెలీదు. ఉత్తి భయం. ఈ వయసులో సిగ్గుచేటే, కానీ అదే నిజం.

మా ఆవిడ నిన్న పైకొచ్చి నా చేతిలో నూనెగుడ్డ లాక్కుంది. "ఆయన పెళ్లి చేసుకుంటే మీకు బావ పోడు. బావ భార్య మీకేమవుతుందో నోటితో అనండి" అంది. అనలేకపోయాను. నిన్నంతా ఆ మాట నోట్లోనే ఉంది. పొద్దున బావ ఉత్తరం వచ్చాక కాగితం మీదికొచ్చింది.

బావని బస్సెక్కనివ్వకండి. మాటలతో ఆగకపోతే చెప్పులు దాచెయ్యండి, వట్టికాళ్లతో బయటికి రాడు, పరువుకి ప్రాణమిస్తాడు. టీలో చక్కెర తగ్గించండి, మీకు చెప్పడానికి మొహమాటపడుతున్నాడు. కుట్టుపనికి కూర్చుంటే భోజనం సంగతి మర్చిపోతాడు, పిలవాలి. రెండుసార్లు పిలవాలి. ఇవన్నీ మా ఇంట్లో ఒకళ్లు చూసుకునేవాళ్లు, ఇప్పుడు మీకు అప్పగిస్తున్నాను.

వచ్చే ఆదివారం మీ మరదలూ నేనూ వస్తాం. మీ కళ్లకి అద్దాలు కావాలేమో నేనే పరీక్ష చేస్తాను, పరాయివాళ్ల దగ్గరికి వెళ్లకండి. సంతకాలప్పుడు మీ తరఫున ఎవరున్నారో తెలీదు. ఎవరూ లేకపోతే నేనున్నాను. బావ తరఫున చెల్లెమ్మ నిలబడుతుంది, మేమిద్దరం మాట్లాడుకున్నాం.

ఈ ఉత్తరం పైన రాసిన పిలుపు నేను రాసి ఆరేళ్లయింది. రాస్తుంటే అక్షరం కాస్త వంకరపోయింది. దిద్దలేదు, అలాగే వదిలేశాను.

మీ తమ్ముడు